గ్రో బ్యాగుల్లో టమాటా ఆకుల కొసలు మాడి కిందికి వంగుతున్నాయి. ఎరువు ఎక్కువైందా, తెగులా? (తిరుపతి)

బైరాగిపట్టెడ మిద్దెతోట అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. మిద్దె పైన 12×12 అంగుళాల గ్రో బ్యాగులు పన్నెండు ఉన్నాయి. ఎనిమిదింట్లో టమాటా, నాలుగింట్లో పచ్చిమిరప. మట్టి కలిపింది ఇట్లా: ఎర్రమట్టి సగం, కొబ్బరి పొట్టు పావు, మాగిన పశువుల ఎరువు పావు. నారు నాటి యాభై రోజులు దాటింది.

ఇప్పటిదాకా టమాటాకు వేసినవి: మూడు వారాల పాటు వారానికొక టీస్పూను యూరియా, మధ్యలో రెండుసార్లు శెనక్కాయ చెక్క నానబెట్టిన నీళ్లు, పది రోజుల కింద బ్యాగుకు పిడికెడు డీఏపీ పైపైన చల్లినాం. పోసేది బోరు నీళ్లు.

టమాటా ఆకులు మామూలు కంటే ముదురు పచ్చగా, మందంగా ఉన్నాయి. కొసలు గోధుమ రంగుకు మాడి కిందికి ముడుచుకుంటా ఉన్నాయి. పూత వచ్చింది వచ్చినట్టే రాలిపోతోంది. మట్టి తడిగా ఉన్నా మధ్యాహ్నానికి చెట్టు వాడిపోతోంది. మట్టి మీద, బ్యాగు అంచుల్లో తెల్లగా పెచ్చు కట్టింది. మిరపలో కొత్త ఆకులు సన్నగా అయిపోయి అవి కూడా కిందికే ముడుచుకున్నాయి.

వైరస్ అని, పీకేయమని ఒకరు చెప్పినారు. నిండా నీళ్లు పోసి కడగమని ఇంకొకరు చెప్పినారు. కడగాలంటే బ్యాగుకు ఎన్ని నీళ్లు పోయాలి? ఈ ఎండల్లో మాకు నీళ్లు కూడా లెక్క చూసుకోవాల్సిందే.

---

నేల-నీరు:

పీకేయకండి. టమాటా వరకు మీరు చెప్పిన గుర్తులన్నీ ఎరువు ఎక్కువైనవే. వైరస్ ముడత అయితే ఆకులు పైకి ముడుచుకుంటాయి, చిన్నవవుతాయి, అంచులు పసుపు తిరుగుతాయి, చెట్టు ఎదుగుదల ఆగిపోతుంది, ఆకు కింద తెల్లదోమ కనిపిస్తుంది. మీ ఆకు ముదురు పచ్చగా, మందంగా, కిందికి వంగి ఉంది. అది నత్రజని ఎక్కువైన గుర్తు. కొస మాడటం, తడి మట్టిలోనే వాడిపోవడం మట్టిలో ఉప్పు పెరిగిన గుర్తులు. వేరు చుట్టూ ఉన్న నీళ్లలో లవణాలు ఎక్కువైతే వేరు ఆ నీళ్లను లోపలికి లాక్కోలేదు. అందుకే తడి ఉన్నా చెట్టుకు దాహమే. అది చూసి ఇంకా నీళ్లు, ఇంకా ఎరువు ఇచ్చేవాళ్లే ఎక్కువ.

మిరప సంగతి వేరుగా చూడాలి. దాన్ని టమాటాతో కలిపి ఒకే మందు అనుకోకండి.

కడిగే ముందు కొలవండి. ఆర్‌ఓ ఫిల్టర్లు బిగించేవాళ్ల దగ్గర ఉండే టీడీఎస్ పెన్ను (నీళ్లలో కరిగిన ఉప్పు ఎంతుందో చూపేది) చాలు. బ్యాగుకు మామూలుగా నీళ్లు పోసి ఒక గంట ఆగండి. తర్వాత బ్యాగును రెండు ఇటుకల మీద పెట్టి, కింద శుభ్రమైన పళ్లెం ఉంచి, పైన చుట్టూతా 150 నుంచి 200 మి.లీ. నీళ్లు మెల్లగా పోయండి. ముందు కారిన యాభై మి.లీ.ని గుడ్డలో వడకట్టి పెన్ను ముంచండి. వేర్ల దగ్గర ఏముందో ఆ అంకె చెబుతుంది. బోరు నీళ్లు, కుళాయి నీళ్లు కూడా విడివిడిగా కొలవండి.

ఈ పద్ధతిలో టమాటాకు ఈసీ (నీళ్ల విద్యుత్ ప్రసరణ, ఉప్పు పెరిగితే ఇదీ పెరుగుతుంది) 2.6 నుంచి 4.6 వరకు మామూలే. ఎక్కువ పెన్నులు ఈసీని 500తో గుణించి పీపీఎంలో (లీటరుకు మిల్లీగ్రాముల్లో) చూపిస్తాయి, అంటే దాదాపు 1300 నుంచి 2300. ఆ పైన పోయేకొద్దీ వేరు ఇబ్బంది పడుతుంది. 3500 దాటితే కడగక తప్పదు. మిరప ఉప్పును ఇంకా తక్కువ ఓర్చుకుంటుంది. పొలం మట్టిలో కొలిచే లెక్కలో టమాటా దిగుబడి ఈసీ 2.5 దాటాక తగ్గడం మొదలైతే, మిరపది 1.5 దగ్గరే మొదలవుతుంది.

ఒక జాగ్రత్త. యూరియా నీళ్లలో కరిగినా విద్యుత్ ప్రసరణ పెంచదు కాబట్టి పెన్నుకు దొరకదు. మట్టిలో కొన్ని రోజులకు అమ్మోనియంగా మారాకే అంకెలో కనిపిస్తుంది. నిన్న యూరియా వేసి ఈరోజు కొలిచి తక్కువ వచ్చిందని నమ్మకూడదు. మీరు వేసి చాలా రోజులైంది కాబట్టి మీ కొలత నమ్మొచ్చు.

తెల్ల పెచ్చు గురించి: అదంతా ఎరువే అనుకోనక్కర్లేదు. బోరు నీళ్లలోని సున్నం కూడా అట్లానే పేరుకుంటుంది. కొంచెం గీకి దాని మీద నిమ్మరసం రెండు చుక్కలు వేయండి. బుసబుస పొంగితే సున్నం. పొంగకుండా కరిగిపోతే ఎరువు ఉప్పు అయి ఉంటుంది. ఎక్కువ చోట్ల రెండూ కలిసే ఉంటాయి.

---

మదనపల్లె పక్క రైతు:

పైన చెప్పింది సరే గానీ, నీళ్లు పోసే ముందు చేయాల్సిన పని ఒకటుండాది. మూడు ఎరువులు మూడు రకాలుగా పోతాయన్నా. యూరియా నీళ్లతో కొట్టుకుపోతుంది. నైట్రేట్ కూడా అంతే. అమ్మోనియం, పొటాష్ మట్టిని పట్టుకోని కొంచెం కొంచెంగా వదుల్తాయి. డీఏపీలో ఉండే భాస్వరం మాత్రం ఎన్ని నీళ్లు పోసినా కదలదు, చల్లిన చోటనే ఒకటి రెండు అంగుళాల్లో నిలబడిపోతుంది.

పిడికెడు అంటే తక్కువలో తక్కువ 30, 40 గ్రాములు. డీఏపీలో నత్రజని 18 శాతం, భాస్వరం 46 శాతం. 40 గ్రాములకు 18 గ్రాముల పైన భాస్వరం ఒక్క బ్యాగులో పడింది. ఒక టమాటా చెట్టుకు కాపు మొత్తానికి ఐదారు గ్రాములు కూడా పట్టదు. పైపైన చల్లినారు కాబట్టి ఇప్పుడు అదే మనకు కలిసొస్తుంది. పై రెండంగుళాల మట్టి వేర్లు తెగకుండా చేత్తో మెల్లగా గీకి తీసేయండి. భాస్వరం చాలావరకు దాంతోనే వచ్చేస్తుంది. శెనక్కాయ చెక్క మడ్డి మిగిలుంటే అదీ పోతుంది. ఆ జాగాలో ఉత్త ఎర్రమట్టి, కడిగిన కొబ్బరి పొట్టు సగం సగం కలిపి వేయండి. పేడ ఎరువు వద్దు, వర్మీ కంపోస్టూ వద్దు.

తీసిన మట్టి పారేయొద్దు. ఒక వంతుకు పది వంతులు కొత్త మట్టి కలిపి వచ్చే పంటకు వాడుకోవచ్చు, దానికి మళ్లీ డీఏపీ అక్కర్లేదు.

చెక్క నీళ్లతో వచ్చే చిక్కేమంటే అది ఒక్కరోజులో అయిపోయేది కాదు. శెనక్కాయ చెక్కలో నత్రజని ఏడు శాతం దాకా ఉంటుంది. అది కుళ్లేకొద్దీ అమ్మోనియా వదుల్తానే ఉంటుంది. ఈరోజు కడిగితే అంకె తగ్గి వారానికి మళ్లీ పెరిగిందంటే, లోపల చెక్క ఇంకా కుళ్లుతా ఉందని అర్థం. మట్టి పిడికిట్లో పట్టుకోని వాసన చూడండి, ముక్కుకు ఘాటుగా కొడితే అదే.

కొబ్బరి పొట్టు కొత్తగా కొన్నదైతే దాన్నీ అనుమానించాలి. కడగని పొట్టులో ఉప్పు ఎక్కువగా ఉంటుంది. బకెట్లో నానబెట్టి పిండి, నీళ్లు మార్చి రెండు మూడు సార్లు చేస్తే గానీ వాడకూడదు.

---

పచ్చని ఇల్లు, చిత్తూరు:

రసాయన ఎరువు వేడి తగ్గాలంటే జీవామృతం పోయండి. మట్టిలో సూక్ష్మజీవులు పెరిగి ఎక్కువైంది తినేస్తాయి. దాంతో పాటు ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) లీటరుకు ఒక స్పూను కలిపి పోస్తే ఆకు మళ్లీ తేరుకుంటుందని చాలామంది చెబుతారు.

---

నేల-నీరు:

ఇప్పుడు ఆ రెండూ వద్దని గట్టిగా చెబుతున్నాను. జీవామృతం మంచిదే, కానీ దాని లెక్క చూడండి. ఎకరాకు 200 లీటర్ల నీళ్లలో పది కిలోల పేడ, ఐదు నుంచి పది లీటర్ల గోమూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి. గోమూత్రంలో ఉండేది ప్రధానంగా యూరియా, ఉప్పులే. ఎకరం నేలకు సరిపోయే పలుచన వేరు, ఇరవై లీటర్ల బ్యాగులో మగ్గు పోయడం వేరు. ఇప్పటికే ఉప్పుతో కాలిన వేరుకు అది మరో మోతాదు అవుతుంది. సూక్ష్మజీవులు నత్రజనిని పట్టుకోవాలంటే వాటికి కర్బనం కావాలి. అందుకు ఎండుటాకులు పనికొస్తాయి గానీ నెల పైనే పడుతుంది, వేరు అన్నాళ్లు ఆగలేదు.

ఎప్సమ్ సాల్ట్ కూడా ఉప్పే. పైగా మెగ్నీషియం ఎక్కువైతే కాల్షియం అందకుండా అడ్డుపడుతుంది. అమ్మోనియం ఇప్పటికే ఆ పని చేస్తోంది. కాయ అడుగున నల్లగా మచ్చ పడి కుళ్లేది అందుకే. మీ చెట్లకు ముందు ముందు ఆ కుళ్లు రావచ్చు, కాయ పిందె దశలో ఉన్నప్పటి నుంచే అడుగు భాగం చూస్తూ ఉండండి.

---

బైరాగిపట్టెడ మిద్దెతోట:

చాలా ఉపయోగపడింది. కొలిచినాను. బోరు నీళ్లు 1150, కుళాయి నీళ్లు 380. టమాటా బ్యాగు కింద కారినవి 4200 దగ్గర. మిరప బ్యాగుది 1400 మాత్రమే. మిరపకు యూరియా ఒక్కసారే వేసినాం, డీఏపీ వేయలేదు. నిమ్మరసం వేస్తే పెచ్చు కొంచెం పొంగింది, మిగిలింది కరిగిపోయింది. ఇంకొకటి, ఆర్‌ఓ ఫిల్టరు నుంచి బయటికి పోయే నీళ్లు కూడా అప్పుడప్పుడు ఈ చెట్లకే పోస్తా ఉన్నాం, అది ఇబ్బందా?

---

నేల-నీరు:

అవును, ఆపేయండి. ఫిల్టరు మంచి నీళ్లను ఒక పక్కకు తీసి ఉప్పునంతా ఆ వదిలేసే నీళ్లలోకి నెడుతుంది. దాన్ని కొలిస్తే మీ ఇంట్లోకి వచ్చే నీళ్ల కంటే బాగా ఎక్కువ వస్తుంది. నేల తుడవడానికి, బాత్రూముకు వాడండి. ఏసీ నుంచి కారే నీళ్లలో ఉప్పు దాదాపు ఉండదు, వాటిని పట్టి పెట్టుకోవచ్చు.

ఇక కడగడం. బ్యాగులో పట్టేదానికి మూడు రెట్ల నీళ్లు పోయమని అందరూ చెబుతారు, మీకు అంత అక్కర్లేదు. నేల శాస్త్రంలో పాత లెక్క ఒకటుంది: అడుగు లోతు మట్టి గుండా అర అడుగు నీళ్లు దిగితే ఉప్పు సగం పోతుంది, అడుగు నీళ్లు దిగితే 80 శాతం, రెండడుగులు దిగితే 90 శాతం. మీ బ్యాగు లోతు అడుగు, అందులో పట్టేది దాదాపు 20 లీటర్లు. అంటే 20 లీటర్లతోనే 80 శాతం పని అయిపోతుంది. తర్వాతి 20 లీటర్లు తెచ్చేది పది శాతమే.

మీ అంకెలతో చూద్దాం. 4200 లోంచి కుళాయి నీళ్ల 380 తీసేస్తే 3820. అందులో ఐదో వంతు మిగిలితే 764, దానికి 380 కలిపితే 1150కి కాస్త తక్కువ. అంత కచ్చితంగా రాదు, నీళ్లు మట్టిలో దారులు చేసుకుని జారిపోతాయి కాబట్టి 1500 నుంచి 1800 దగ్గర ఆగుతుంది. అదీ టమాటాకు హాయిగా సరిపోతుంది. ఎనిమిది బ్యాగులకు 160 లీటర్లు చాలు. బోరు నీళ్లతో కడిగితే ఎంత పోసినా 1150 కిందికి దిగదు, కుళాయి నీళ్లే వాడండి.

పోసే తీరు ముఖ్యం. ముందు పైమట్టి గీకండి, పైన రైతు సోదరుడు చెప్పినట్టే. బ్యాగు రంధ్రాలు మట్టితో పూడుకుని ఉంటే పుల్లతో తెరవండి. తెల్లవారి ఆరు గంటలకు మొదలుపెట్టి ఐదు లీటర్లు మెల్లగా పోసి అరగంట ఆగండి, గట్టిపడిన ఉప్పు కరగడానికి ఆ సమయం కావాలి. తర్వాత పావుగంటకొకసారి ఐదేసి లీటర్లు మూడు సార్లు. ఒకేసారి కుమ్మరిస్తే నీళ్లు అంచుల వెంబడి దిగిపోతాయి, మధ్యలో ఉప్పు అట్లాగే ఉంటుంది. ఎర్రమట్టి ఉన్న బ్యాగుల్లో పైన అడుసు కట్టి గాలి కూడా ఆడదు. చివరి ఐదు లీటర్లు దిగాక కారిన నీళ్లు కొలవండి. 2300 కంటే తక్కువ ఉంటే ఆపండి. ఎక్కువ ఉంటే అదే రోజు కొనసాగించకండి, మూడు రోజులు ఆగి ఇంకో పది లీటర్లు.

కారిన నీళ్లు పళ్లెంలో నిలవకూడదు. మట్టి ఆరేకొద్దీ ఆ ఉప్పును మళ్లీ పైకి పీల్చుకుంటుంది. పళ్లాలు తీసేసి బ్యాగులను ఇటుకల మీదే ఉంచండి.

ఆ తర్వాత రెండంగుళాల లోతు ఆరేవరకు నీళ్లు పోయొద్దు. ఈ దశలో వేరు కుళ్లు వచ్చి చెట్టు పోవడం ఎక్కువ. కాలిన వేరు మీద నిత్యం తడి ఉంటే తెగులు సులువుగా పట్టుకుంటుంది. వారం పది రోజులు పదకొండు నుంచి నాలుగు వరకు 50 శాతం షేడ్ నెట్ వేయండి. నీడలో ఆకు నీళ్లు తక్కువ అడుగుతుంది, వేరుకు తేరుకునే వ్యవధి దొరుకుతుంది.

మాడిన ఆకు మళ్లీ పచ్చబడదు, దాన్ని చూసి దిగులుపడకండి. సగం పచ్చగా ఉన్న ఆకును కత్తిరించవద్దు, చెట్టుకు తిండి వండేది ఇప్పుడు అదే. పూర్తిగా ఎండినవి మాత్రం తీయండి. పది రోజుల తర్వాత వచ్చే కొత్త ఆకు కొస శుభ్రంగా ఉంటే కోలుకున్నట్టు.

---

మదనపల్లె పక్క రైతు:

కడిగినాక రెండు వారాలు ఏ ఎరువూ వద్దు. ఆ తర్వాత మొదలుపెట్టేటప్పుడు 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు వరసగా) వద్దన్నా, అందులో మళ్లీ భాస్వరం ఉండాది. పూత మీద ఉన్న చెట్టు కాబట్టి 13-0-45 లీటరుకు అర గ్రాము, బ్యాగుకు లీటరు నీళ్లు, పది రోజులకొకసారి. కొత్త ఆకు బాగుంటే ఒక గ్రాముకు పెంచండి. అర గ్రాము అంటే చిటికె లెక్క కాదు, నగల కొట్టు తూకం లాంటి చిన్న మిషను కొనుక్కోండి. లేదంటే పది గ్రాములు ఒక లీటరులో కరిగించి పెట్టుకోని అందులోంచి 50 మి.లీ. తీసి లీటరుకు కలపండి, అర గ్రాము సరిగ్గా వస్తుంది. యూరియా ఇంక ఈ కాపుకు అక్కర్లేదు. లీటరుకు ఒక గ్రాము యూరియా కలిపితేనే 460 పీపీఎం నత్రజని, కుండీ చెట్టుకు 100 నుంచి 200 చాలు.

మూడు నాలుగు వారాల తర్వాత లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపు తిరిగితే, అది మిగిలిన భాస్వరం ఇనుమును అందనీయకపోవడం. బోరు నీళ్ల సున్నం వల్ల కూడా అదే వస్తుంది. లీటరుకు అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్, ఇనుము ఉండేది) ఐదు గ్రాములు, నిమ్మ ఉప్పు ఒక గ్రాము కలిపి సాయంత్రం ఎండ పూర్తిగా పోయినాక ఆకుల మీద పిచికారీ చేయండి. వారం తర్వాత ఇంకోసారి. చెట్టు ఇంకా వాడిపోతా ఉన్నప్పుడు మాత్రం కొట్టొద్దు, ఆకు ఇంకా మాడుతుంది.

---

నేల-నీరు:

మిరప గురించి ఇప్పుడు ధైర్యంగా చెప్పొచ్చు. 1400 అంకెకు అట్లా ముడుచుకోదు. మీది కింది ముడత, అంటే తెల్లనల్లి. ఎరువు ఎక్కువైతే ముదురు ఆకుల కొసలు మాడతాయి. నల్లి అయితే లేత ఆకులకే వస్తుంది: సన్నగా, తిరగేసిన పడవలా వంగి, కాడ పొడవవుతుంది, కొస మాడదు. పైకి ముడుచుకుంటే అది తామర పురుగు, దాని మందు వేరు. నల్లి కంటికి కనిపించనంత చిన్నది, పది రెట్లు చూపించే భూతద్దంతో లేత ఆకు అడుగున చూడండి.

మిరప బ్యాగులను కడగొద్దు, ఉన్న పోషకాలు పోతాయి. ముడుచుకున్న చివుళ్లను రెండు మూడు అంగుళాలు తుంచి సంచిలో వేసి మూతి కట్టి పారేయండి. నాలుగు చెట్లే కాబట్టి ముందు వేపనూనె మందు, అజాడిరక్టిన్ 10000 పీపీఎంది, లీటరుకు రెండు మి.లీ., సాయంత్రం, ఆకు అడుగు తడిసేలా ఐదు రోజుల తేడాతో రెండుసార్లు. తగ్గకపోతే స్పైరోమెసిఫెన్ అనే నల్లి మందు లీటరుకు 0.8 మి.లీ. ఒకసారి, కొట్టాక ఏడు రోజులు కాయ కోయకూడదు. గంధకం పొడి కూడా నల్లికి పనిచేస్తుంది గానీ ఇప్పుడున్న ఎండల్లో ఆకును మాడుస్తుంది, చలికాలానికి ఉంచుకోండి.

---

బైరాగిపట్టెడ మిద్దెతోట:

రేపు తెల్లవారి మొదలుపెడతాం. చివరిగా ఒక్కటి: పక్కన తోటకూర తొట్టి ఉంది, దానికీ పోయిన వారం యూరియా వేసినాం. తినొచ్చా? టమాటా కాయల సంగతేంది?

---

నేల-నీరు:

టమాటా కాయలు తినొచ్చు, నత్రజని ఎక్కువైనా కాయలో నైట్రేట్ పెద్దగా చేరదు. ఆకుకూర అట్లా కాదు, తోటకూర, పాలకూర నైట్రేట్‌ను ఆకులోనే, ముఖ్యంగా కాడలో దాచుకుంటాయి. రెండు వారాలు ఆగండి, తొట్టికి మంచి ఎండ తగలనివ్వండి. కోసేటప్పుడు సాయంత్రం పూట కోయండి, పగటి వెలుతురులో ఆకు నైట్రేట్‌ను వాడేసుకుంటుంది కాబట్టి పొద్దున కంటే తక్కువ ఉంటుంది. కాడలు తీసేసి, ఉడికించిన నీళ్లు పారబోసి వండుకోండి. ఏడాది లోపు పిల్లలు ఉంటే ఈ కోత వాళ్లకు పెట్టకండి, మళ్లీ విత్తిన దాన్నుంచి పెట్టండి.